డీజిల్ కారులో పెట్రోల్ పడితే ఖర్చెంత? ఇంజిన్ స్టార్ట్ చేశారా లేదా అన్నదే అసలు లెక్క

హాలియా: డీజిల్ బండిలో పొరపాటున పెట్రోల్ కొడితే పోయేది ఆ రెండు వేల రూపాయల పెట్రోలే కదా అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇంకొందరు ఇంజిన్ మొత్తం పోయిందని హడలిపోతారు. రెండూ సరైన లెక్కలు కావు. కారు ఒకటే మోడల్, పడింది అంతే పెట్రోల్. అయినా ఒకరికి ఐదు నుంచి పది వేలలో పని అయిపోతుంది, ఇంకొకరి బిల్లు లక్ష దాటుతుంది. ఎన్ని లీటర్లు పడ్డాయన్నది రెండో సంగతి. పడిన తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేశారా లేదా అన్నది మొదటి సంగతి.

హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే ఊర్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే హైదరాబాద్ - విజయవాడ హైవే. ఇక్కడి ట్రాక్టర్, హార్వెస్టర్, లారీ, కిరాయి కారు ఎక్కువగా డీజిల్ మీదే నడుస్తాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళను తేవాలన్నా, ఉమ్రాకు పోయేవాళ్ళను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపాలన్నా, పెళ్ళికి పోవాలన్నా కిరాయి బండే దిక్కు. ఆ బండి మీద నెలనెలా ఈఎంఐ ఉంటుంది. అది పది రోజులు షెడ్డులో నిలబడితే ఇంటి ఖర్చే ఆగిపోతుంది.

పొరపాటు ఎట్లా జరుగుతుంది?

ముఖ్య కారణం, ఒకే పేరుతో రెండు రకాల బండ్లు ఉండడం. క్రెటా, వెన్యూ, నెక్సాన్, థార్, స్కార్పియో-ఎన్ పెట్రోల్‌లోనూ వచ్చాయి, డీజిల్‌లోనూ వచ్చాయి. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. కానీ అంతకు ముందు అమ్మిన డీజిల్ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త ఎర్టిగాలు చూసి అలవాటైన బంకు కుర్రాడు పాత ఎర్టిగాను కూడా పెట్రోల్ బండే అనుకోవచ్చు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. మన దగ్గర ఇన్నోవా అంటే డీజిలే అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ మాత్రం పెట్రోల్, హైబ్రిడ్ రకాల్లోనే ఉన్నది. పేరు చూసి పైపు పెడితే పెట్రోల్ బండిలో డీజిల్ పడుతుంది.

రెండో కారణం, బండి మనది కాకపోవడం. బావమరిది కారు, కిరాయి కారు, అప్పుడే కొన్న పాత కారు. నడిపేవాడి చేయి పెట్రోల్ బండికి అలవాటై ఉంటుంది. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కారు నడిపి వచ్చినవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. అక్కడ మామూలు కార్లు దాదాపుగా పెట్రోల్‌వే. 91 కావాలా, 95 కావాలా అన్న ప్రశ్నే తప్ప, డీజిల్ మాట రాదు.

పైపు రంగును నమ్ముకున్నా లాభం లేదు. బ్రిటన్‌లో పచ్చ పైపు అంటే పెట్రోల్, నల్ల పైపు అంటే డీజిల్. అమెరికాలో చాలా బంకుల్లో పచ్చ పైపు అంటే డీజిల్. అక్కడ ఉండే మనవాళ్ళు ఒక దేశం అలవాటుతో ఇంకో దేశంలో పైపు పట్టుకుంటే మోసపోయినట్టే. బ్రిటన్‌లో ఎవరి బండిలో వాళ్ళే పోసుకుంటారు. అయినా ఏటా సుమారు లక్షన్నర మంది తప్పు ఇంధనం పోసుకుంటారని అక్కడి మోటారు వాహనదారుల సంస్థ ఏఏ అంచనా. అంటే ఇది చదువుకోనివాళ్ళు చేసే తప్పు కాదు, ధ్యాస తప్పినవాళ్ళు ఎవరైనా చేసే తప్పు.

పెట్రోల్ పడితే డీజిల్ ఇంజిన్‌కు ఏమవుతుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు రాజేస్తుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. అది గాలిని గట్టిగా అదుముతుంది. ఆ అదుముడుకు గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా చల్లితే దానంతట అదే అంటుకుంటుంది. డీజిల్‌కు కావాల్సిన గుణం త్వరగా అంటుకోవడం. పెట్రోల్‌కు కావాల్సిన గుణం ప్లగ్ నిప్పు వచ్చేదాకా ఆగడం. ఒకదాని చోట ఇంకోటి పోస్తే మంట వేళకు అంటుకోదు. బండి గుంజదు, టకటక చప్పుడు చేస్తుంది, పొగ వస్తుంది, ఆగిపోతుంది.

అయితే అసలు నష్టం మంట దగ్గర కాదు, ఇంధనం పంపు దగ్గర జరుగుతుంది. డీజిల్‌కు కొంత నూనె గుణం ఉన్నది. నేటి డీజిల్ కార్లలో ఉండే కామన్ రైల్ పంపుకు విడిగా గ్రీజు, ఆయిల్ ఉండవు. తనలో నుంచి పోయే డీజిలే దానికి నూనె. ఈ పంపు ఇంధనాన్ని 1,600 నుంచి 2,000 బార్ దాకా ఒత్తిడితో తోస్తుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు మాత్రమే. అంటే టైరుతో పోలిస్తే 700 రెట్లకు పైగా ఒత్తిడి.

ఆ ఒత్తిడిలో ఇనుము మీద ఇనుము జారుతూ పోవాలంటే మధ్యలో నూనె పొర ఉండాలి. పెట్రోల్ ఆ పొరను కడిగేస్తుంది. గ్రీజు అంటిన చేతులను మెకానిక్‌లు పెట్రోల్‌తో కడుక్కోవడం అందరూ చూసిందే. పంపు లోపల జరిగేదీ అదే. పొర పోతే ఇనుము ఒరుసుకుంటుంది, సన్నటి రజను రాలుతుంది. ఆ రజను ముందుకు పోయి ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. ఇంజెక్టర్ రంధ్రం ఇంచుమించు తల వెంట్రుక మందమే ఉంటుంది. అందులో రజను ఇరుక్కుంటే శుభ్రం చేయడం కష్టం, చాలాసార్లు మార్చాల్సిందే. మిగిలిన ఇంధనం తిరిగి ట్యాంకులోకి వస్తుంది కాబట్టి, రజను అక్కడికీ చేరుతుంది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్‌కు నూనె గుణం తక్కువ, నీళ్ళను పీల్చుకునే గుణం ఎక్కువ. డీజిల్ పంపుకు ఇది కూడా మంచిది కాదు.

“ఏం కాదు, పైన డీజిల్ పోసి కొట్టెయ్” అనే సలహా

పాత మెకానిక్‌లు కొందరు ఈ మాట అంటారు. అది గాలి మాట కాదు, పాత బండ్ల అనుభవం. పాత డీజిల్ జీపులు, అంబాసిడర్లు, పాత ట్రాక్టర్లలో పంపు వేరే రకం, ఒత్తిడి చాలా తక్కువ. కొంచెం కల్తీ అయినా ఓర్చుకునేవి. చలి దేశాల్లో డీజిల్ గడ్డకట్టకుండా కొంచెం పెట్రోల్ కలిపిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ లెక్క ఇప్పటి బండ్లకు పనికిరాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన డీజిల్ కార్లన్నీ కామన్ రైల్ బండ్లే. అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచి కూడా సీఆర్‌డీఐ, డీడీఐఎస్ పేర్లతో అవే వచ్చాయి. పెట్రోల్, డీజిల్ పూర్తిగా కలిసిపోతాయి. నీళ్ళలాగా అడుగుకు దిగి విడిగా ఉండవు, అడుగున బోల్టు విప్పి పెట్రోల్ ఒక్కదాన్నే వంచేయలేరు. పైన డీజిల్ పోస్తే పలచబడుతుందే తప్ప పోదు. పైగా ఖాళీ చేయాల్సిన ఇంధనం పెరిగి, పోసిన డీజిల్ ఖర్చు కూడా దండుగ అవుతుంది.

పెట్రోల్ కారులో డీజిల్ పడితే మాత్రం నష్టం సాధారణంగా తక్కువ. ప్లగ్‌లు మసిబారతాయి, తెల్ల పొగ వస్తుంది, బండి ఆగిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, లైన్లు కడిగి, ప్లగ్‌లు శుభ్రం చేస్తే చాలావరకు కుదురుకుంటుంది. అట్లాగని అదే పనిగా నడిపితే పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ చెడిపోవచ్చు, దాని ధర తక్కువేం కాదు.

ఖర్చును నాలుగు పద్దుల్లో రాసుకోవాలి

మొదటి పద్దు, పారబోసే ఇంధనం. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107.41 రూపాయలు, డీజిల్ 95.65 రూపాయలు అయింది. ట్యాంకులో అంతకు ముందే 15 లీటర్ల డీజిల్ ఉండి, పైన రెండు వేల రూపాయల పెట్రోల్ పడిందనుకుందాం. మొత్తం పారబోయాలి కాబట్టి ఇక్కడే మూడు వేల నాలుగు వందలకు పైగా పోతుంది.

రెండో పద్దు, షెడ్డు పని. ఇంజిన్ స్టార్ట్ చేయకపోతే పని చిన్నది. బండిని లాక్కుపోవాలి, ట్యాంకు ఖాళీ చేయాలి, లైన్లు కడగాలి, డీజిల్ ఫిల్టర్ మార్చాలి, కొత్త డీజిల్ పోసి లైన్లలో గాలి తీయాలి. ఇంధనంతో కలిపి చాలా కార్లకు ఇది ఐదు నుంచి పది వేల రూపాయల మధ్య తేలే పని.

స్టార్ట్ చేసి నడిపితే లెక్క మారిపోతుంది. ఒక్కో ఇంజెక్టర్ ధరే ఐదంకెల్లో ఉంటుంది. నాలుగు సిలిండర్ల బండికి నాలుగు ఇంజెక్టర్లు. పంపు ధర వేరు. పంపులో రజను పుట్టిందంటే పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, అది చేరిన చోటల్లా కడగాలి లేదా మార్చాలి. చిన్న కారుకే బిల్లు లక్ష దాటవచ్చు, పెద్ద ఎస్‌యూవీలకు రెండు మూడు లక్షల దాకా పోవచ్చు.

మూడో పద్దు, పన్ను. విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం. షెడ్డు కూలి మీద కూడా 18 శాతమే. లక్ష రూపాయల పని మీద పన్నే 18 వేలు. “బిల్లు వద్దులే, తగ్గించి చేయి” అని చాలామంది అడుగుతారు. ఈ ఒక్క సందర్భంలో ఆ మాట అడగకపోవడమే మంచిది. ఎందుకో కింద చూద్దాం.

నాలుగో పద్దు, పోయిన రోజులు. దీన్ని ఎవరూ రాసుకోరు. ఉదాహరణకు ఒక కిరాయి కారుకు ఖర్చులన్నీ పోను రోజుకు 1,500 రూపాయలు మిగులుతాయనుకుందాం. విడిభాగాలు వచ్చేదాకా పది రోజులు షెడ్డులో ఉంటే 15 వేలు పోయినట్టే. ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

“ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నది కదా” అన్న ధైర్యం ఇక్కడ పెద్దగా పనికిరాదు. మామూలు ప్యాకేజీ పాలసీ ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద లాంటి వాటికి. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను అది పక్కన పెడుతుంది. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నా ఇదే మాట. అది ఒప్పుకున్న క్లెయిమ్‌లో తరుగుదల కోత లేకుండా చూస్తుంది తప్ప, ఒప్పుకోని క్లెయిమ్‌ను తెచ్చిపెట్టదు.

కొన్ని కంపెనీల రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో తప్పు ఇంధనం పడితే బండిని లాక్కుపోవడం, ట్యాంకు ఖాళీ చేయించడం ఉంటాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ షరతులు కంపెనీని బట్టి మారతాయి. పాలసీ కాగితంలో తప్పు ఇంధనం అన్న మాట ఎక్కడ ఉన్నది, కవర్ అయ్యే వాటిలోనా, కానివాటిలోనా అని ముందే చూసుకోవాలి. కారు కంపెనీ వారంటీ కూడా తప్పు ఇంధనం వల్ల జరిగిన నష్టానికి సాధారణంగా వర్తించదు.

తెలిసిన వెంటనే ఏం చేయాలి?

బంకులో ఉండగానే తెలిస్తే అదృష్టమే. తాళం ముట్టుకోవద్దు. కొత్త బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయకపోయినా, స్విచ్ ఆన్ చేయగానే ట్యాంకులోని చిన్న కరెంటు పంపు ఇంధనాన్ని ముందుకు తోయడం మొదలుపెడుతుంది. “జర పక్కకు పెట్టండి, వెనుక బండ్లు ఆగినయ్” అని హారన్లు కొడుతుంటారు. ఆ ఒత్తిడిలోనే చాలామంది స్టార్ట్ చేస్తారు. ఐదు వేల ఖర్చు లక్ష అయ్యేది అక్కడే. స్టీరింగ్ లాక్ అయి ఉంటే ఆగిన చోటే ఉండనివ్వాలి. లేకపోతే గేరు న్యూట్రల్‌లో పెట్టి నలుగురితో పక్కకు తోయించాలి.

దారిలో తెలిస్తే సంగతి వేరు. పైపుల్లో పాత డీజిల్ ఉంటుంది కాబట్టి బండి కొంత దూరం బాగానే పోతుంది. ఆ తర్వాత గుంజడం తగ్గి, జర్కులు ఇచ్చి, ఇంజిన్ లైటు వెలుగుతుంది. బంకు నుంచి బయటికొచ్చిన కాసేపటికే ఇట్లా అయితే ముందుగా ఇంధనాన్నే అనుమానించాలి. పక్కకు తీసి వెంటనే ఆపేయాలి. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టవద్దు. “ఇంకో పది కిలోమీటర్లే, మిర్యాలగూడ దాకా పోదాం” అనుకుంటే ఆ పది కిలోమీటర్లే ఖరీదైనవి.

రోడ్డు పక్కన పైపు పెట్టి నోటితో పీల్చి ఖాళీ చేయడం ప్రమాదం. పెట్రోల్ ఆవిరి దూరం నుంచి కూడా అంటుకుంటుంది, కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. షెడ్డులోనే తీయించాలి. తీసిన మిశ్రమాన్ని బైక్‌లో, స్ప్రేయర్‌లో పోస్తే ఇంకో ఇంజిన్ పాడవుతుంది. మోరీలో పారబోయడం కూడా తప్పే.

షెడ్డులో పాత ఫిల్టర్ విప్పించి చూడమనాలి. మెరిసే రజను కనిపిస్తే పంపు దెబ్బతిన్నట్టు. కనిపించకపోతే ఇంజెక్టర్లన్నీ మార్చాలని ఎవరైనా అంటే ఎందుకో అడిగి, ఎస్టిమేట్ రాయించుకొని, ఇంకోచోట కూడా చూపించుకోవచ్చు.

పైసలు ఎవరు కట్టాలి?

మీరు డీజిల్ అని చెబితే బంకులో పెట్రోల్ కొట్టినా, బంకువాళ్ళు అడగకుండానే కొట్టినా అది సేవలో లోపం కిందికి వస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్నది, నిర్లక్ష్యాన్ని కూడా సేవా లోపంగానే చూస్తుంది. మీరే పొరపాటున పెట్రోల్ అని చెప్పి ఉంటే, ఆ నష్టం మీదే. అందుకే ఏం చెప్పారు, ఏం కొట్టారు అన్నదానికి రుజువు కావాలి.

మొదటి రుజువు బంకు బిల్లు. ఇందులో పెట్రోల్ అని, డీజిల్ అని ఉండకపోవచ్చు. ఎంఎస్ అని ఉంటే పెట్రోల్, అంటే మోటార్ స్పిరిట్. హెచ్‌ఎస్‌డీ అని ఉంటే డీజిల్, అంటే హై స్పీడ్ డీజిల్. బండి నంబరు రాసి, ఎంఎస్ అని ఉన్న బిల్లు, పక్కన డీజిల్ అని ఉన్న ఆర్సీ పెడితే సగం వాదన అయిపోయినట్టే. ఫోన్‌పే, గూగుల్ పే రసీదు మీద ఎంత కట్టారో ఉంటుంది గానీ, ఏం పోయించుకున్నారో ఉండదు. అది ఒక్కటే సరిపోదు.

బిల్లుతో పాటు మెషీన్ స్క్రీన్, పైపు, బండి కలిపి ఫోటో తీసుకోవాలి. బంకు మేనేజర్‌తో జరిగింది రెండు ముక్కల్లో రాయించుకోవాలి. రాయనంటే ఫిర్యాదు పుస్తకం అడిగి అందులో రాయాలి. సీసీ కెమెరా రికార్డింగ్ ఉంచమని రాతపూర్వకంగా కోరాలి, పాత రికార్డింగులు కొన్ని రోజులకు చెరిగిపోతాయి. ట్యాంకులోంచి తీసిన ఇంధనం కొంచెం శుభ్రమైన డబ్బాలో సీలు చేసి ఉంచాలి. షెడ్డు ఎస్టిమేట్, జీఎస్టీ బిల్లు, మార్చిన పాత భాగాలు దాచాలి. బిల్లు వద్దని పన్ను మిగుల్చుకుంటే, తర్వాత ఖర్చు ఎంతయిందో చూపించడానికి కాగితం ఉండదు.

రుజువు ఎంత ముఖ్యమో మధ్యప్రదేశ్ సంఘటన చూస్తే అర్థమవుతుంది. 2025 జూన్‌లో రత్లాం దగ్గర ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ కాన్వాయ్‌కు చెందిన 19 కార్లు ఒక బంకులో డీజిల్ పోయించుకున్నాక ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. డీజిల్‌లో నీళ్ళు కలిసినట్టు తేలింది, అధికారులు బంకును సీజ్ చేశారు. అక్కడ పడింది పెట్రోల్ కాదు, నీళ్ళు. కానీ 19 బండ్లు ఒకేసారి ఆగాయి, అధికారులు వెంటనే వచ్చారు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. హాలియాలో ఒక్క కిరాయి కారు ఆగితే అధికారులు పరుగెత్తుకు రారు. ఆ డ్రైవర్‌కు తన చేతిలోని కాగితమే సాక్షి.

మాట్లాడుకొని తేల్చుకోవడమే మొదటి దారి. కుదరకపోతే ఆయిల్ కంపెనీకి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. హాలియా వాళ్ళకు అది నల్లగొండలో ఉన్నది. బంకు ఎక్కడ ఉన్నా సరే, ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. కొన్నదాని విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు.

“నీది టాక్సీ కదా, నువ్వు వినియోగదారుడివి కాదు” అని ఎవరైనా అంటే భయపడవద్దు. వ్యాపారం కోసం కొన్నవాళ్ళను చట్టం పక్కన పెట్టిన మాట నిజమే. కానీ సొంత జీవనోపాధి కోసం స్వయంగా పని చేసుకునేవాళ్ళకు మినహాయింపు ఇచ్చింది. తన బండి తానే నడుపుకొని కుటుంబాన్ని పోషించుకునే డ్రైవర్ ఆ మినహాయింపు కిందికి వస్తాడు.

బంకు కుర్రాడి జీతంలో కోస్తే న్యాయమా?

గొడవ అయినప్పుడు చాలాచోట్ల జరిగేది ఒకటే. “పోసింది వాడు, వాడి జీతంలో పట్టుకుంటాం” అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆ కుర్రాడి మీదే పడతారు. పొద్దంతా ఎండలో, పొగలో నిలబడి పని చేసే మనిషి లక్ష రూపాయల బిల్లు ఎక్కడి నుంచి కడతాడు?

కస్టమర్ ఇంధనం కొన్నది బంకు దగ్గర, కుర్రాడి దగ్గర కాదు. పనిలో ఉండగా పనివాడు చేసిన పొరపాటుకు కస్టమర్‌కు జవాబు చెప్పాల్సింది యజమాని. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం జీతంలో కోతలన్నీ కలిపినా సగం దాటకూడదు. నష్టం పేరుతో కోయాలంటే, ముందుగా ఆ కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇవేవీ లేకుండా నెల జీతం మొత్తం ఆపడం కుదరదు. నష్టపోయిన కారు ఓనర్ కూడా కుర్రాడిని కొట్టి, తిట్టి సాధించేది ఏమీ ఉండదు. అడగాల్సింది యజమానిని, చేతికి తెచ్చుకోవాల్సింది కాగితాన్ని.

ట్రాక్టర్, డబ్బా, నీలం మూత

రైతుల ఇళ్ళలో ఇదే తప్పు బంకులో కాకుండా కొట్టంలో జరుగుతుంది. స్ప్రేయర్‌కు, గడ్డి కోసే మెషీన్‌కు పెట్రోల్ డబ్బాలో తెస్తారు, ట్రాక్టర్‌కు డీజిల్ కూడా అలాంటి డబ్బాలోనే తెస్తారు. చీకట్లో ఒకదానికి బదులు ఇంకోటి ఒంపేస్తారు. పాత ట్రాక్టర్ ఓర్చుకోవచ్చు. కానీ 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి, వాటిలోకి కూడా కామన్ రైల్ వచ్చింది. కోతల సీజన్‌లో అట్లాంటి బండి ఆగితే చేను మీద వడ్లు ఆగవు. డబ్బాల మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, వేర్వేరు చోట్ల పెట్టడం పైసా ఖర్చు లేని పని.

లారీలు, కొన్ని కొత్త డీజిల్ కార్లలో ఇంకో ట్యాంకు కూడా ఉంటుంది, నీలం మూతతో. అందులో పోసేది డెఫ్. డ్రైవర్లు యాడ్‌బ్లూ అని, యూరియా అని అంటారు. ఇది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్ళు. దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే పెట్రోల్ కంటే ఎక్కువ నష్టం జరగవచ్చు. నీళ్ళు పంపును తుప్పు పట్టిస్తాయి, యూరియా ఎండి గడ్డలు కడుతుంది. అప్పుడు కూడా సూత్రం అదే, స్టార్ట్ చేయకూడదు.

పది సెకన్ల జాగ్రత్త

ఆపడానికి తేలికైన దారులు ఉన్నాయి. ఇంధనం మూత లోపలి వైపు డీజిల్ అని పెద్ద స్టిక్కర్ వేయించుకోవాలి. 2019 ఏప్రిల్ తర్వాతి కొత్త నంబరు ప్లేట్లతో పాటు అద్దం మీద వేసే స్టిక్కర్‌కు రంగు నియమం ఉన్నది: డీజిల్ బండికి నారింజ, పెట్రోల్, సీఎన్‌జీ బండికి లేత నీలం. సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో దీనికి ఒప్పుకున్నది కాలుష్యం గుర్తించడానికే అయినా, బంకు కుర్రాడికి కూడా అది గుర్తుగా పనికొస్తుంది. బండి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తాళం చెవులకు డీజిల్ అని చిన్న ట్యాగ్ కట్టి ఇవ్వాలి.

అన్నిటికంటే తేలికైనది మెషీన్ మీద రేటు చూడడం. సున్నా చూడమని బంకులో చెబుతారు, అందరూ సున్నా చూస్తారు. దాని పక్కనే లీటరు ధర ఉంటుంది. ఊరిని బట్టి కొన్ని పైసలు అటూ ఇటూ మారినా, పెట్రోల్ ధరకూ డీజిల్ ధరకూ మధ్య పది రూపాయలకు పైనే తేడా ఉంటున్నది. పై రేట్ల ప్రకారం రెండు వేలకు డీజిల్ 20.91 లీటర్లు వస్తుంది, పెట్రోల్ 18.62 లీటర్లే వస్తుంది. డీజిల్ బండి దగ్గర మెషీన్ మీద పెట్రోల్ రేటు కనిపిస్తే, పైపు ట్రిగ్గర్ నొక్కక ముందే “భాయ్, ఆగు” అనవచ్చు.

కారు దిగి, “డీజిల్” అని గట్టిగా చెప్పి, రేటు చూసి, ఆ తర్వాతే పోయమనాలి. అప్పటికే పడిపోయి ఉంటే తాళం జేబులో పెట్టుకొని, బిల్లు చేతిలో పట్టుకోవాలి. వెనుక హారన్లు ఎంత కొట్టినా సరే.